బల్ల కొనే ముందు గది కొలవండి!

మంచం, సోఫా, డైనింగ్‌ టేబుల్‌... ఆ వరసలోకి ఇప్పుడు పూల్‌ టేబులూ వచ్చి చేరుతోంది. హైటెక్‌సిటీ చుట్టుపక్కల కొత్త ఫ్లాటు కొన్నవాళ్లలో కొందరు దానికోసం ఓ మూల ఖాళీ ఉంచుకుంటున్నారు. 'ఏ బ్రాండ్‌ మంచిది?' అన్నది అందరి మొదటి ప్రశ్న. సైబరాబాద్‌లో ఓ చుట్టు చుట్టొస్తే మాత్రం, ముందు అడగాల్సింది అది కాదని తెలుస్తుంది.

మాది కొండాపూర్‌. మా తొమ్మిదేళ్లవాడు పుట్టినరోజు పార్టీకని స్నేహితుడింటికి వెళ్లి, వాళ్ల క్లబ్‌హౌస్‌లో పూల్‌ ఆడి వచ్చాడు. ఆ రాత్రి నుంచీ ఒకటే పాట... 'నాన్నా, మనింట్లోనూ ఒకటి పెట్టుకుందాం!' సరిగ్గా బోనస్‌ చేతికొచ్చిన వారం. వాళ్లమ్మ మాత్రం ఒక్కటే మాటంది. 'ట్రెడ్‌మిల్‌ మీద ఎలాగూ బట్టలు ఆరేస్తున్నాం. దీనిమీద ఏం ఆరేయాలో ముందే ఆలోచించుకోండి.' బోనస్‌ వెనక్కి రాదు కాబట్టి, డబ్బు కట్టే ముందు సంగతేమిటో తెలుసుకుందామని బయల్దేరాను.

ఫలక్‌నుమా నుంచి సైబర్‌ టవర్స్‌కి

హైదరాబాద్‌కి ఈ తరహా ఆటలు కొత్తేం కాదు. 2010 నుంచి హోటల్‌గా మారిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో, ఇంగ్లండుకు చెందిన బరోస్‌ అండ్‌ వాట్స్‌ కంపెనీ చేసిన బిలియర్డ్స్‌ బల్లని ఇప్పటికీ చూడొచ్చు. బిలియర్డ్స్‌ నుంచి పుట్టిన స్నూకర్‌ అయితే మన దేశపు ఆటే. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్‌ సైనికాధికారులు మొదలుపెట్టారంటారు. కాకపోతే అవన్నీ నవాబులకీ, దొరల క్లబ్బులకీ పరిమితం.

1998లో మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల కథ మారింది. ఐటీ కంపెనీలు ఉద్యోగుల కోసం పెట్టిన ఆటల గదుల్లోకి క్యారమ్స్‌, టేబుల్‌ టెన్నిస్‌లతోపాటు పూల్‌ కూడా వచ్చింది. కాఫీ విరామంలోనో, నైట్‌ షిఫ్టు మధ్యలోనో క్యూ పట్టడం నేర్చుకున్న కుర్రాళ్లకే ఇప్పుడు పెళ్లిళ్లయి, పిల్లలు బడికెళుతున్నారు. 2020లో ఆఫీసు ఇంటికొచ్చేసరికి, ఆటనీ ఇంటికి తెచ్చుకుందామన్న ఆలోచన మొదలైంది. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాటి కోకాపేట దాకా లేచిన టవర్ల బ్రోచర్లలో క్లబ్‌హౌస్‌ బొమ్మ ఉందంటే, చాలావాటిలో పూల్‌ టేబులూ ఉంటుంది.

పేరులో ఏముంది?

షోరూముల్లో ముందుగా వినిపించేది అమెరికా పేర్లు. బ్రన్స్‌విక్‌ది 1845 నాటి చరిత్ర. బండ్లు తయారుచేసే జాన్‌ మోజెస్‌ బ్రన్స్‌విక్‌ సిన్సినాటిలో ఈ బల్లల పని మొదలుపెట్టాడు. చెక్కడపు పనితనం ఉన్న, హాలుకే అందమనిపించే మోడళ్లు కావాలనుకునేవాళ్లు దాన్ని అడుగుతారు. ఓల్‌హౌసెన్‌ వాళ్లు తమ కుషన్‌ రబ్బరు గురించి గొప్పగా చెబుతారు. డైమండ్‌ పోటీలాడేవాళ్ల బల్ల. మనదేశంలో తయారైనవీ ఉన్నాయి. విదేశీ బల్ల ధర లక్షల్లోనే మాట. పలకరాయితో చేసిన దేశీ బల్ల అంతకన్నా బాగా తక్కువకి దొరుకుతుంది. ఎండీఎఫ్‌ చెక్కతో చేసినవైతే ఇంకా చవక.

మరి తేడా ఎక్కడ? పైన పరిచిన గుడ్డ కింద!

మన చిన్ననాటి పలకే

మార్కాపురం పలకమీద అక్షరాలు దిద్దిన తరం మనది. మంచి పూల్‌ టేబుల్‌ కడుపులో ఉండేదీ ఆ జాతి రాయే. అంగుళం మందాన కోసి నున్నగా చేసిన పలక ఏళ్లు గడిచినా వంగదు. ఎండీఎఫ్‌ అలా కాదు. చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, కాలం గడిచేకొద్దీ మధ్యలో కుంగుతుంది. బాల్కనీ పక్కన పెడితే మన రెండు వానాకాలాలు చాలు, బంతి తనంతట తనే ఓ మూలకి దొర్లడానికి.

గుడ్డ కూడా చూడాలి. బెల్జియంలోని సిమోనిస్‌ కంపెనీ గుడ్డమీద నూగు ఉండదు. అందుకే బంతి చకచకా పోతుంది. ఆరమిత్‌ బంతులూ ఆ దేశానివే, గట్టి ఫినాలిక్‌ రెజిన్‌తో చేస్తారు. దేశీ బల్లకి ఈ రెండూ జతచేసుకుంటే, ఆడేటప్పుడు పేరు గుర్తుకురాదు.

కొనేముందు రెండు పరీక్షలు చేయండి. బంతిని మెల్లగా దొర్లించండి. చివర్లో పక్కకి తిరిగితే బల్ల మట్టంగా లేనట్టు. ఆ తర్వాత నిలువునా గట్టిగా కొట్టండి. ప్రపంచ పూల్‌ పోటీల నిబంధనల ప్రకారం, కుషన్లు సరైనవైతే బంతి బల్ల పొడవుకి నాలుగు నుంచి నాలుగున్నర రెట్లు ప్రయాణించాలి.

లిఫ్టులో పడుతుందా?

ఎనిమిదడుగుల బల్లలో పలక ఒక్కటే రెండొందల కిలోలకి పైమాటే. డైమండ్‌ ప్రొ-యామ్‌లాంటి మోడళ్లలో అది ఒకే ముక్క. ఇరవయ్యో అంతస్తుకి లిఫ్టులో ఎక్కేది కాదు. మూడు ముక్కల పలకైతే ఒక్కోటి డెబ్భై కిలోల చొప్పున పైకి చేర్చి, ఇంట్లోనే కలిపి మట్టం చూసి బిగిస్తారు. కాబట్టి కంపెనీ పేరుకన్నా, బిగించే మనిషి మన ఊళ్లో ఉన్నాడా, ఏడాది తర్వాత పిలిస్తే వస్తాడా అన్నదే ముఖ్యం.

మరి స్లాబు? నివాస గృహాలకి మన ప్రమాణాల ప్రకారం లెక్కగట్టేది చదరపు మీటరుకి సుమారు రెండొందల కిలోల బరువు. మొత్తం బల్ల నాలుగొందల కిలోలున్నా, అది పరచుకునే చోటు మూడున్నర చదరపు మీటర్లు. లెక్క సరిపోతుంది కానీ బరువంతా పడేది కాళ్ల కిందే. పాత భవనమైతే ఇంజినీరుని అడగడం మేలు.

మూడంగుళాల తేడా

చివరికి మిగిలింది గది. బల్ల పట్టడం కాదు, క్యూ వెనక్కి లాగేందుకు చోటుండాలి. మామూలు క్యూ 58 అంగుళాలు. ఆ లెక్కన ఎనిమిదడుగుల బల్లకి గది 17 అడుగుల పొడవు, 13 అడుగుల 4 అంగుళాల వెడల్పు ఉండాలి. ఏడడుగుల బల్లకైతే 16 అడుగుల 2 అంగుళాలు, దాదాపు 13 అడుగులు.

నేనూ మావాడూ టేపు పట్టుకుని హాలు కొలిచాం. పొడవు 19, వెడల్పు 11 అడుగులు. ఏడడుగుల బల్లకి 48 అంగుళాల పొట్టి క్యూ వాడినా వెడల్పు 11 అడుగుల 3 అంగుళాలు కావాలి. మూడంగుళాలు తక్కువ! అదీ సోఫా, టీవీ తీసేస్తే. వాడు టేపుని రెండుసార్లు లాగి చూశాడు కానీ గోడ జరగలేదు.

అందుకే గది ఉన్నవాళ్లు మూడు ముక్కల పలకతో దేశీ బల్ల కొనుక్కుని, మిగిలిన డబ్బు గుడ్డకీ బంతులకీ పెట్టుకోవచ్చు. క్లబ్‌హౌస్‌లో బల్ల ఉన్నవాళ్లు నెలనెలా కడుతున్న మెయింటెనెన్స్‌ డబ్బుని ఆడి రాబట్టుకోవచ్చు. మేం మాత్రం ఆదివారాలు గంటకింతని ఇచ్చి పార్లర్‌లో ఆడుతున్నాం. ఇంటికి కొన్నది ఒక్కటే... మంచి క్యూ. తలుపు వెనక నిలబెట్టాం. దానిమీద బట్టలు ఆరేయడం కుదరదు!