ఇన్సూరెన్స్ ఉన్నా లోడు దక్కలేదు

మాది టెక్సస్‌లో, డల్లస్ పక్కన ఒక చిన్న ట్రక్కింగ్ కంపెనీ. కంపెనీ అంటే రెండు బండ్లు. ఒకటి మా ఆయన నడుపుతారు, రెండోది మా మరిది. ఫోన్లు, బిల్లులు, ఇన్సూరెన్సు, బ్రోకర్లతో కాగితాల పని నాది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీలు తిప్పిన మనిషి. కిరాయి, లోడు, ఖాళీ బండి అన్న మాటలు చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఇక్కడ ఈ పనిలోకి దిగాక నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మాత్రం బ్రోకర్ల ఆన్‌లైన్ రిజిస్ట్రేషను, దానితోపాటు జరిగే ఇన్సూరెన్స్ తనిఖీ. మన తెలుగువాళ్లు కొందరు ఉద్యోగాలు చేసుకుంటూనే ట్రక్కులు కొంటున్నారు. వాళ్లకైనా ముందుగా తెలుస్తుందని మాకు జరిగింది రాస్తున్నాను.

అమెరికాలో సరుకు పంపే కంపెనీకీ బండి నడిపేవాళ్లకీ మధ్య బ్రోకర్ ఉంటాడు. మాలాంటి చిన్నవాళ్లకు లోడ్లు దాదాపు అన్నీ బ్రోకర్ల చేతుల మీదుగానే వస్తాయి. ఒక బ్రోకర్ దగ్గర మొదటిసారి లోడు తీసుకోవాలంటే ముందు వాళ్ల దగ్గర ‘సెటప్’ కావాలి. చాలామంది బ్రోకర్లు ఈ పనిని వేరే సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అప్పగించేశారు. వాళ్లు పంపిన లింకు నొక్కితే ప్రశ్నలు మొదలవుతాయి. ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే డాట్ నంబరు, ఎంసీ నంబరు, పన్నుల డబ్ల్యూ-9 ఫారం, బిల్లుల డబ్బు ముందే ఇచ్చే ఫ్యాక్టరింగ్ కంపెనీ ఉంటే వాళ్లు ఇచ్చే లెటరు, ఇన్సూరెన్స్ ఏజెంటు ఈమెయిలు అడుగుతారు. ఫోన్‌కి కోడ్ వస్తుంది. కొందరు లైసెన్సు పట్టుకుని ఫొటో దిగమంటారు. తలుపు మీద డాట్ నంబరు కనబడేలా బండి ఫొటో తీయమంటారు. బండి ఎక్కడుందో తాము చూసుకునేలా, డ్రైవరు గంటలు నమోదు చేసే ఈఎల్‌డీ లాగిన్ కలపమని అడిగేవాళ్లూ ఉన్నారు. బ్రోకర్ మారితే సాఫ్ట్‌వేర్ మారుతుంది, ఇవే కాగితాలు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఇదంతా ఓపిక ఉంటే అయిపోయే పనే. అసలు చిక్కు ఇన్సూరెన్స్ దగ్గర మొదలవుతుంది.

రాష్ట్రాలు దాటి మామూలు సరుకు మోసే పెద్ద బండికి ఫెడరల్ ప్రభుత్వం అడిగే కనీస లయబిలిటీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ 7,50,000 డాలర్లు. 1980 నాటి మోటార్ క్యారియర్ చట్టంతో వచ్చిన అంకె అది. బ్రోకర్లు సాధారణంగా మిలియన్ డాలర్ల లయబిలిటీ, లక్ష డాలర్ల కార్గో అడుగుతారు. లయబిలిటీ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా, ట్రక్కులను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి ఫైల్ చేస్తుంది. ఆ రికార్డు వెబ్‌లో ఎవరైనా చూడొచ్చు. సరుకు మీద ఉండే కార్గో ఇన్సూరెన్సును మాత్రం ఇళ్ల సామాను మోసేవాళ్లు తప్ప మిగతావాళ్లు 2011 నుంచి ప్రభుత్వానికి చూపించనక్కర్లేదు. అందువల్ల మా కార్గో పాలసీ నిజంగా ఉందా లేదా అని బ్రోకర్ సరిచూసుకోవడానికి ప్రభుత్వ రికార్డు ఏదీ లేదు. ఏజెంటు ఇచ్చే సర్టిఫికెట్టే దిక్కు.

ఆ సర్టిఫికెట్టు అకార్డ్ 25 అనే ఒక పేజీ ఫారం. పాలసీ నంబర్లు, తేదీలు, మొత్తాలు గళ్లలో ఉంటాయి. కింద షరతులు రాసుకునే పెద్ద డబ్బా ఒకటి, దాని కింద ఎవరి పేరు మీద ఇచ్చారో ఆ కంపెనీ పేరూ అడ్రసూ. పైన మాత్రం పెద్ద అక్షరాలతో, ఇది సమాచారం కోసం ఇచ్చిన కాగితమే, దీనివల్ల తీసుకున్నవాళ్లకు ఏ హక్కూ రాదు అని అచ్చేసి ఉంటుంది. తనకు ఏ హక్కూ ఇచ్చే శక్తి లేదని తనే చెప్పుకునే ఈ కాగితం మీద మా బతుకుతెరువు నడుస్తోంది. అది కూడా నేను పంపితే చెల్లదు. ఏజెంటు ఆఫీసు నుంచే నేరుగా వెళ్లాలి.

పాత ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం బాగా పెంచడంతో రెన్యువల్ సమయానికి మేము వేరే కంపెనీకి మారాం. ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా కొత్త పాలసీ మొదలైంది. పాతవాళ్లు రద్దు నోటీసు ఫైల్ చేశారు, కొత్తవాళ్లు తమ ఫైలింగ్ చేశారు. ప్రభుత్వ రికార్డులో రెండూ ఎక్కాయి. నేను స్వయంగా తెరిచి చూసుకున్నాను.

ఆ తర్వాత ఒక శుక్రవారం మా ఆయన మెక్సికో సరిహద్దు దగ్గరున్న మెకాలెన్‌లో లోడు దించారు. మెక్సికో నుంచి వచ్చే కూరగాయలు, పండ్లు పక్కనే ఉన్న ఫార్ వంతెన మీదుగా అమెరికాలోకి వస్తాయి. అక్కడ కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉంటాయి. మా బండి రీఫర్, అంటే చల్లదనం బండి, కాబట్టి తిరుగు లోడు అక్కడే చూసుకుంటాం. మధ్యాహ్నం ఒక బ్రోకర్ దగ్గర మామిడిపండ్ల లోడు దొరికింది. అట్లాంటా దగ్గర ఫారెస్ట్ పార్క్ మార్కెట్‌కి, పదకొండు వందల మైళ్లు పైనే. కిరాయి బాగుంది. సోమవారం తెల్లవారేసరికి దించాలి. ఫోన్లో మాట్లాడిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. “ట్రైలరు యాభై డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చల్లబరిచి ఉంచమనండి, ఈలోగా మీరు సెటప్ పూర్తి చేసేయండి, వెంటనే రేట్ కన్ఫర్మేషన్ పంపిస్తాను” అన్నాడు. మా ఆయన రీఫర్ ఆన్ చేసి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర బండి పెట్టారు.

అన్నీ ఎక్కించాను. ఒక్కో గడి పక్కన పచ్చ గుర్తు పడుతూ వచ్చింది. ఇన్సూరెన్స్ దగ్గర ఎర్ర గుర్తు పడింది. లయబిలిటీ పాలసీ రద్దయింది అని చూపిస్తోంది. రద్దయింది పాత పాలసీ. దాని పక్కనే కొత్తది ప్రభుత్వ రికార్డులో ఉంది. ఆ పేజీ తీసి కుర్రాడికి పంపాను. “మేడమ్, నాకూ కనబడుతోంది. కానీ మా సిస్టమ్ తీసుకోవట్లేదు. నా చేతిలో లేదు, కంప్లయన్స్ వాళ్లు చూడాలి” అన్నాడు. కంప్లయన్స్ వాళ్లకు ఫోన్ నంబరు లేదు, ఈమెయిలే. వాళ్లకు రాస్తే, సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్టుని అడగమని జవాబు వచ్చింది. సపోర్టులో చాట్ డబ్బా ఉంది. అక్కడ ఏం అడిగినా, మీ ఏజెంటు చేత కొత్త సర్టిఫికెట్టు పంపించండి అన్న ఒకే జవాబు.

మా ఏజెంటు ఆఫీసులో పనిచేసే ఆవిడ మంచి మనిషి. చేస్తున్న పని పక్కన పెట్టి ఆ బ్రోకర్ పేరు మీద సర్టిఫికెట్టు తయారుచేసి పంపింది. లయబిలిటీ పక్కన గుర్తు పచ్చగా మారింది. ఈసారి కార్గో ఎర్రబడింది. రీఫర్ బ్రేక్‌డౌన్ కవరేజి కనబడలేదట. చల్లదనం మెషీను దారిలో ఆగిపోయి సరుకు పాడైతే ఇచ్చే కవరేజి అది. మా పాలసీలో ఉంది, సర్టిఫికెట్టు కింది డబ్బాలో రాసి కూడా ఉంది. కాగితాన్ని చదివే ప్రోగ్రాము ఆ డబ్బాని చదవదో, లేక అక్కడి మాటలు దానికి వేరేలా కావాలో ఎవరూ చెప్పలేదు. ఆవిడ అదే సంగతి వేరే గడిలో మళ్లీ రాసి ఇంకోసారి పంపింది. ఎర్ర గుర్తు పోయింది. దాని చోట పసుపు గుర్తు, ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట వచ్చాయి. అప్పటికి ఐదయింది. ఏజెంటు ఆఫీసు మూసేశారు.

మా ఆయన ఫోన్ చేశారు. “ఏమైంది? గేటు దగ్గర నుంచి బండి తీయమంటున్నారు.”

“పరిశీలనలో ఉందంటోందండీ. ఇంకొంచెం సేపు చూద్దాం.”

“నువ్వు చూస్తావు సరే, నా గడియారం చూడదుగా” అన్నారు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. ఇక్కడ డ్రైవరు డ్యూటీ ఎక్కిన పద్నాలుగు గంటల తర్వాత బండి నడపకూడదు. ఆ లోపల కూడా నడపగలిగేది పదకొండు గంటలే. ఆయన పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కారు. అంటే రాత్రి ఎనిమిది దాటితే లోడు చేతికి వచ్చినా కదలడానికి లేదు. ఆ గంటలన్నీ ఈఎల్‌డీలో పడిపోతుంటాయి. గేటులోకి రానివ్వరు, బయట ఉండనివ్వరు. సాయంత్రమైతే ట్రక్ స్టాపుల్లో చోటు దొరకదు. వెనకాల ఖాళీ ట్రైలరు చల్లబడుతూ డీజిల్ తాగుతూనే ఉంది.

ఆరు దాటాక కుర్రాడు ఫోన్ చేశాడు. “సారీ మేడమ్, షిప్పర్ ఇంక ఆగనంటున్నారు, వేరే బండికి ఇచ్చేశాం.” ఇంతసేపు ఆపి, ట్రైలరు చల్లబరిపించినందుకు ఏమైనా ఇస్తారా అని అడిగాను. ట్రక్కు పిలిచి వాడుకోకపోతే కొంత ఇవ్వడం ఈ వ్యాపారంలో ఉన్న పద్ధతే. “రేట్ కన్ఫర్మేషన్ పంపలేదు కదా” అన్నాడు. అది లేకపోతే ఒప్పందమే లేదు. సెటప్ కానిదే అది రాదు. మాట మీద డీజిల్ కాల్చింది మేము, ఆ మాటకు విలువ లేక నష్టపోయిందీ మేమే.

శని, ఆది వారాలు ఆ ఆఫీసులు పలకలేదు. కొత్త బ్రోకర్ల దగ్గర ప్రయత్నించినా ఇదే తంతు. మా ఆయన ఖాళీ బండితో సాన్ ఆంటోనియో దాకా వచ్చి అక్కడ తక్కువ కిరాయికి దొరికిన లోడు పట్టుకుని ఇంటికి చేరారు. సోమవారం పొద్దున లాగిన్ అయితే అన్ని గళ్లూ పచ్చగా ఉన్నాయి. మేము కొత్తగా ఏమీ పంపలేదు. ఏం సరిపోలేదో, ఏం సరిపోయిందో ఒక్క వాక్యం రాలేదు. ఆ నెల బండి వాయిదా, ఇన్సూరెన్స్ వాయిదా చేతిలో ఉన్న డబ్బుతో కట్టి, ఇంటి ఖర్చుకి క్రెడిట్ కార్డు గీకాం. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఇంకా బాధపెట్టింది.

తనిఖీలు ఎందుకు పెరిగాయో నాకు తెలుసు. దొంగలు నిజమైన కంపెనీల ఎంసీ నంబర్లు వాడుకుని, ఆ పేరుతో లోడ్లు తీసుకుని మాయం చేస్తున్నారు. కొందరు ఆ లోడునే ఇంకో అమాయకుడి బండికి తక్కువ కిరాయికి అప్పగించి డబ్బు కాజేస్తారు. దీన్ని డబుల్ బ్రోకరింగ్ అంటారు. 2024 నవంబరులో వంటల టీవీ స్టార్ గై ఫియెరీ, గాయకుడు సామీ హేగర్‌ల సాంటో టెకీలా రెండు ట్రక్కుల సరుకు, 24 వేల సీసాలు, లారెడో నుంచి పెన్సిల్వేనియా వెళ్లే దారిలో ఇలాగే పోయాయి. అంత పేరున్నవాళ్ల సరుకే పోతే బ్రోకర్లు భయపడటంలో తప్పు లేదు. మా పేరు వాడుకుని ఎవరైనా దొంగతనం చేస్తే ముందు మునిగేది మేమే. అందుకే తనిఖీ గట్టిగా ఉండాలని నేనే కోరుకుంటాను.

గట్టి తనిఖీ అంటే పాలసీ నిజమా కాదా అని తేల్చడం. మా పాలసీ నిజమని ఆ మధ్యాహ్నం తేల్చడానికి ఏజెంటుకి ఒక్క ఫోన్ చాలు. ఏజెంటు నంబరు సర్టిఫికెట్టు మీదే ఉంది. లయబిలిటీకి ప్రభుత్వ రికార్డు అందరి ముందూ తెరిచి ఉంది. నాతో మాట్లాడిన కుర్రాడు కళ్లతో చూసి ఒప్పుకున్నాడు. అయినా ఒప్పుకున్నవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లు మాట్లాడరు. నష్టం మాత్రం ఈ లోపల ఏ తప్పూ చేయని డ్రైవరు నెత్తిన పడుతుంది. పెద్ద కంపెనీకి వేరే బండి, వేరే బ్రోకరు, కాగితాలు చూసుకునే ప్రత్యేక విభాగం ఉంటాయి. రెండు బండ్లవాడికి ఒక శుక్రవారం పోతే వారమంతా పోయినట్టే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఎర్ర గుర్తు పెడితే ఏ పాలసీలో, ఏ గడిలో, ఏం తక్కువైందో పక్కనే రాయండి. లోడు తీసుకునే వేళల్లో, శుక్రవారం సాయంత్రం కూడా, ఏజెంటుతో మాట్లాడి నిర్ణయం తీసుకోగల మనిషిని ఫోన్ దగ్గర పెట్టండి. తనిఖీ పూర్తి కాకుండా బండిని గేటు దాకా పిలవకండి. పిలిస్తే, ఆ వేచి ఉన్న గంటలకూ కాల్చిన డీజిల్‌కూ డబ్బు ఇవ్వండి.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మనవాళ్లకు నేను చెప్పేది ఇది. బండి కదిలే దారుల్లో లోడ్లు ఇచ్చే బ్రోకర్లెవరో ముందే చూసుకుని, లోడు అవసరం లేని రోజుల్లోనే వాళ్ల దగ్గర సెటప్ చేయించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ మారితే, కొత్త ఫైలింగ్ రికార్డులో ఎక్కిందని చూసుకున్నాక ప్రతి బ్రోకర్ దగ్గరికీ కొత్త సర్టిఫికెట్టు పంపించమని ఏజెంటుకి జాబితా ఇవ్వండి. రీఫర్ బ్రేక్‌డౌన్ ఉంటే అది స్పష్టంగా రాయించండి. ఎవరితో ఏం మాట్లాడారో ఈమెయిల్లో మళ్లీ రాసి పంపండి. రేట్ కన్ఫర్మేషన్ చేతికి రాకుండా ట్రైలరు చల్లబరచమంటే, దానికి ఎంత ఇస్తారో రాసివ్వమని అడగండి. ఇప్పుడు మేము అలాగే అడుగుతున్నాం. కొందరు ఫోన్ పెట్టేస్తారు. కొందరు రాసిస్తున్నారు. రాసిచ్చేవాళ్ల లోడ్లే మేము మోస్తున్నాం.