టీచర్ పోయినంక

5 జులై 2025, శనివారం
దినాలు అయిపోయినయి. చుట్టాలు పోయిన్రు. టెంటువాని కుర్చీలు ఇంకా మెట్ల కిందనే ఉన్నయి. ఫోన్ చేస్తే ఇగొస్త, అగొస్త అంటడు.

పదకొండో రోజు వచ్చినోళ్ళల్ల సగం మంది నాకు తెల్వదు. ఉస్మాన్‌గంజ్ నుంచి హమాలీలు గుంపుగ వచ్చిన్రు. అండ్ల ఒకాయన, మీసం తెల్లబడ్డది, సీదా వంటింట్లకు పోయి అటక మీది పెద్ద చాప దించి పరిచిండు. అక్కడ చాప ఉన్నదని నాకే తెల్వదు.

అడగలేదు. ఏమని అడుగుత?

10 జులై, గురువారం
గురుపౌర్ణమి. ఆమె ఫోన్ పొద్దటి నుంచి మోగుడే. చార్జింగ్ ఎందుకు పెట్టిన్నో.

ఒకడు మస్కట్ నుంచి. నేను హలో అనంగనే, "నమస్తే టీచర్, ఆరోగ్యం మంచిగున్నదా?" అన్నడు. నా గొంతు ఆమె గొంతులెక్కనే ఉంటదా? మంచిగనే ఉన్న అన్న. పెట్టేసిన.

ఎందుకట్ల చెప్పిన...

28 జులై, సోమవారం
బీరువా తీసిన. సర్టిఫికెట్లు, పెన్షన్ కాగితాలు, నారాయణగూడ బడిది ఒక గ్రూపు ఫోటో. అందరూ రెండు జడలు. ఆమె ఎవరో పోల్చుకునేటందుకు చానసేపు పట్టింది.

మాడపాటి హనుమంతరావుగారి గురించి చెప్పినంత మా నాయిన గురించి కూడా చెప్పలేదు. 1928ల ఆడపిల్లలకు తెలుగుల బడి పెట్టుడు, ఉస్మానియా గుర్తింపు దొరకకపోతే పూనాల కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయంతోని కలుపుడు. ఆమె చేరేనాటికి నిజాం లేడు, ఆ తిప్పలు లేవు. అయినా ఆ పరీక్షలేవో తనే రాసినట్టు చెప్పేది. మధ్యల దగ్గితే కూడా ఊకునేది కాదు.

అంత గొప్ప తెలుగు మీడియం. నన్ను అండ్లనే వేసింది, తన బడిలనే. తమ్ముణ్ణి మాత్రం ఇంగ్లీషు మీడియం. ఎందుకంటే జవాబు లేదు. కూరగాయలు కోసుకుంట కూచునేది.

9 ఆగస్టు, శనివారం
రాఖీ. తమ్ముడు రాలేడు, వీడియో కాల్. ఇల్లు అమ్మే సంగతి కదిపిండు. వినపడనట్టు చేసిన. నాకూ అమ్ముడే మంచిగ అనిపిస్తది. కింద లారీలు, హారన్లు, గోనెసంచుల దుమ్ము. ఈ మెట్లు ఇంకెన్నేండ్లు ఎక్కుత?

మూడో తరగతి యాదికొచ్చింది. మొదటి దినమే చెప్పింది, బడిల టీచర్ అనాలె, ఇంకో మాట అంటే బయట నిలవెడ్త అని. అందరికన్న ముందు దెబ్బ నాకే. పక్షపాతం అని ఎవరూ అనొద్దు కదా. ఇంటికొచ్చినంక కూడ నోట్లకు టీచర్ అనే వచ్చేది. ఆమె దిద్దలేదు. అన్నీ దిద్దే మనిషి.

5 సెప్టెంబరు, శుక్రవారం
ఉస్మానియా దవాఖాన నర్సు ఒకామె మల్లెపూల దండ పట్టుకొని వచ్చింది. డ్యూటీ నుంచి అట్లనే. ఫోటోకు వేసి, "అమ్మ ఈ చీరెల మస్తుంటుండె" అన్నది. నా ముందటనే. అమ్మ అట.

క్లాసుల రూపాబాయి కథ చెప్పేదట టీచర్. 1880లల్ల ఈ అఫ్జల్‌గంజ్ దవాఖానలనే లారీ దొర క్లోరోఫాం మీద పరీక్షలు చేసుడు, అక్కడ చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ మత్తు డాక్టరు అయి ఎడింబరో దాక పోవుడు. ఆడమనిషి మత్తు ఇస్తదా అని ఎవరో పిల్లగాడు నవ్విండట. వాని తోని ఆ కథే పదిసార్లు రాయించిందట. "నేను అడగకుండనే రాసిన టీచరమ్మా" అన్నది నర్సు. నన్ను కూడ టీచరమ్మా అని ఎందుకన్నది?

పాత బిల్డింగ్ 2020ల వార్డులల్లకు వాననీళ్ళు వచ్చినంక మూసిన్రు కదా, దాని ముందట్నుంచి పోతుంటే ఇప్పటికీ కాళ్ళు అటే మళ్ళుతయట. గోషామహల్‌ల కొత్తది కట్టినంక అలవాటు తప్పుతదేమో అన్నది. చాయ్ తాగి పోయింది.

నాకు రూపాబాయి కథ చెప్పిందా? చెప్పే ఉంటది. నేను వినలేదా?

6 సెప్టెంబరు, శనివారం
నిమజ్జనం. బాలాపూర్ గణపతి మా ముందటి నుంచే పోయిండు. బాల్కనీ ఎక్కుతమని పిల్లలు, వాళ్ళ అమ్మలు. తలుపు తీసిన. తియ్యకపోతే నడుస్తదా? ఇల్లంత గులాల్. రాత్రి దాక తుడుస్తనే ఉన్న.

21 సెప్టెంబరు, ఆదివారం
పెత్రమాస. ఏడాది తిరగలేదు, ఆమె పేరున ఇప్పుడే బియ్యం ఇయ్యొద్దన్నడు అయ్యగారు. నాయిన పేరున ఇచ్చి పంపిన.

పొద్దుమూకి ఎంగిలిపూల బతుకమ్మ. మనకు ఈసారి లేదు. జాంబాగ్ నుంచి ఎవరో తంగేడు తీసుకపోతుంటే ఒక రెమ్మ మెట్ల మీద పడ్డది. తీసి ఎక్కడ పెట్టాల్నో తోచలేదు.

27 సెప్టెంబరు, శనివారం
రాత్రంత నిద్ర లేదు. జంట చెరువుల గేట్లు ఎత్తిన్రు. ఎంజీబీఎస్‌ల నీళ్ళు చొచ్చినయి, బస్సుల కోసం వచ్చినోళ్ళు అండ్లనే చిక్కుకున్నరు. టీవీల చూస్తున్న, కిటికీల నుంచి కూడ చూస్తున్న. చీకట్ల ఏం కనపడతది? చప్పుడే.

తెల్లారకముందే తలుపు కొట్టిన్రు. ఆ హమాలీ ఆయననే. చాప ఆయన. "ఇక్కడిదాక రాదు గని, ఒక్కదానివి ఉన్నవని వచ్చిన బిడ్డా." మెట్ల మీద కూచున్నడు, లోపలికి రాలే. పలకల డబ్బులు కట్టలేక తాను బడి మానేస్తే అమ్మ గోదాములకు వచ్చి మిర్చి బస్తాల మధ్యల నుంచి చెవి పట్టుకొని తీసుకపోయిందట. మేస్త్రీని కూడ తిట్టిందట. మేస్త్రీ భయపడ్డడు అనుకుంట నవ్వుతున్నడు.

అయిదు దాక చదివిండట. బస్తాల లెక్కల నన్నెవడూ మోసం చెయ్యలేడు అన్నడు.

28 సెప్టెంబరు, ఆదివారం
ఉస్మానియా దవాఖానల ఉన్న చింతచెట్టు దగ్గరికి పోయిన. రోడ్లన్నీ బురద. ఎవరెవరో వచ్చి పూలు పెట్టిపోయిన్రు. 1908ల ఇదే తారీఖు మూసీ పొంగితే ఆ కొమ్మలు పట్టుకొని నూటయాభై మంది బతికిన్రు.

ఏటా ఈ దినం అమ్మ బడిపిల్లలను తోలుకొచ్చేది. నూటయాభై అంటే ఎంతమందో నోటితోని చెప్పకపోయేది. నిలవెట్టేది. మా మూడు తరగతులు సరిపోకపోతే చిట్టీల లైనుల ఉన్న రోగుల చుట్టాలను పిలిచేది, "రా నాయనా, జర నిలవడు." వాళ్ళు నిజంగనే వచ్చి నిలవడేటోళ్ళు! లెక్క నిండినంక, ఇంతమంది, ఒక్క చెట్టు, అనేది. ఇగ పాఠం అయిపోయినట్టే.

తర్వాత విశ్వేశ్వరయ్య. 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్. మళ్ళ వరద రావద్దని కట్టిన చెరువులు. మరి మొన్న నీళ్ళొచ్చింది వాటి గేట్లు ఎత్తితేనే కదా? ఇది ఆమెను అడగవలసింది. ఒప్పుకునేది కాదు. కాగితం తెచ్చి బొమ్మ గీసేది.

అఫ్జల్‌గంజ్ రోడ్డు దాటేటప్పుడు ఆమె రెండు చేతులల్ల ఇద్దరు చిన్న పిల్లలు. ఎప్పుడూ వేరేటోళ్ళే. నేను కొంగు పట్టుకునేదాన్ని. కొంగు ఇంకెవర్నీ పట్టనియ్యకపోయేది.

ఇన్నేండ్లు చేతుల సంగతే యాదికున్నది నాకు.

2 అక్టోబరు, గురువారం
దసరా. జమ్మి పట్టుకొని వచ్చిండు చాప ఆయన, మనుమరాలిని వెంటపెట్టుకొని. పిల్ల తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు మీడియం, తెలుగు రాయమంటే ఒత్తులన్నీ మింగుతదట. ఆదివారం ఆదివారం పంపుత అన్నడు. నాకు ఓపిక లేదు, నేను టీచర్ను కాదు అన్న. పిల్ల అప్పటికే బీరువా మీది గ్రూపు ఫోటో చూస్కుంట, "ఇండ్ల అవ్వ ఎవరు?" అని అడుగుతున్నది.

రెండో వరుస, ఎడమ నుంచి నాలుగు.

5 అక్టోబరు, ఆదివారం
పిల్ల వచ్చింది. గంట కూచున్నది. "విద్యార్థి" నాలుగు రకాలుగ రాసింది, నాలుగూ తప్పే. గట్టిగ అరిచిన. ఏడవలేదు, నన్నే చూసింది. పోయేటప్పుడు పుస్తకం ఇక్కడనే పెట్టిపోయింది.

రాత్రి తమ్ముని ఫోన్. ఎవరో మంచి రేటు చెప్తున్నరట, జల్ది తేల్చాలె అంటడు. ఎండాకాలం పరీక్షలు అయ్యేదాక ఆగు అన్న.

ఎవరి పరీక్షలు అక్కా, అన్నడు.