విమానం దిగి... పానా పట్టి!

ఆకాశంలో ఉన్నంతసేపూ వందలమంది ప్రాణాలు వాళ్ల చేతుల్లో ఉంటాయి. కానీ ఆ విమానంలో ఊడిన ఒక్క స్క్రూని బిగించడానికి కూడా వాళ్లకి అనుమతి ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఇంటి షెడ్డులోనే పాత కార్లను విప్పి, మళ్లీ ప్రాణం పోసే పైలట్లు ఎందరో. అలాంటివాళ్లు వెతుక్కుంటూ వచ్చి స్థిరపడే ఊరొకటుంది... స్ప్రూస్‌ క్రీక్‌.

శనివారం పొద్దున్నే ఓ ఇంటి షెడ్డు తలుపు గరగరమంటూ పైకి లేస్తుంది. లోపల్నుంచి కారు వస్తుందనుకుంటాం. ముందుగా బయటికొచ్చేది ప్రొపెల్లర్‌! దాని వెనకాలే రెండు సీట్ల బుల్లి విమానం. ఇంటాయన దాన్ని చేత్తోనే లాక్కొచ్చి వీధిలో పెడతాడు. ఎక్కి కూర్చుని, ఎదురింటివాళ్లకు చెయ్యూపి, ఆ వీధిలోంచే నడుపుకుంటూ రన్‌వే దగ్గరికి వెళ్లిపోతాడు.

విమానం వెళ్లాక ఖాళీ అయిన షెడ్డులో, ఓ మూలన ఇంకోటి కనిపిస్తుంది. నాలుగు స్టాండ్ల మీద ఎత్తిపెట్టిన పాత కారు. చక్రాల్లేవు, బానెట్‌ లేదు, సీట్లు లేవు. ఇంజిన్‌ పక్కన బల్లమీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంటుంది. గోడకి సైజులవారీగా తగిలించిన పానాలు, అరల్లో చీటీలు అంటించిన ప్లాస్టిక్‌ సంచులు, ఒక్కో సంచిలో గుప్పెడు నట్లూ బోల్టులూ. ఆ షెడ్డుని చూసిన ఎవరైనా ఆయన మెకానిక్కే అనుకుంటారు. కానీ అమెరికాలో ఇలాంటి షెడ్డుల యజమానుల్లో సోమవారం వచ్చేసరికి యూనిఫాం వేసుకుని బోయింగ్‌ నడపడానికి వెళ్లిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

ముందు విమానం... తర్వాతే కారు

ఫ్లోరిడా రాష్ట్రంలో డేటోనా బీచ్‌కి దక్షిణంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది స్ప్రూస్‌ క్రీక్‌. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం ఉపయోగించుకున్న చిన్న విమానక్షేత్రం అది. తర్వాత దాని చుట్టూ ఇళ్లు లేచాయి. ఇప్పుడక్కడ సుమారు 1300 ఇళ్లు, 700 హ్యాంగర్లు ఉన్నాయి. నడిమధ్యలో 4 వేల అడుగుల రన్‌వే. మన ఇళ్లకి కారు షెడ్డు ఉన్నట్టు అక్కడ విమానం షెడ్డు ఉంటుందన్నమాట. వీధుల్లో విమానాలూ కార్లూ ఒకే దారిన వెళ్తాయి. ఎదురుపడితే కారే పక్కకి తప్పుకోవాలి. రెక్కల్ని మడుచుకుని విమానం పక్కకి జరగలేదు కదా!

ఇలాంటి కాలనీ ఇదొక్కటే కాదు. యుద్ధం ముగిసేనాటికి అమెరికాలో విమానం నడపడం నేర్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఖాళీగా పడిఉన్న విమానక్షేత్రాలూ బోలెడు. దాంతో 1946లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో దగ్గర సియెర్రా స్కై పార్క్‌ పేరుతో ఇళ్లూ రన్‌వే కలిసిన కాలనీ మొదలైంది. అలాంటివి ఇప్పుడు ఆ దేశంలో 600 దాకా ఉంటాయి. హాలీవుడ్‌ నటుడు జాన్‌ ట్రవోల్టా కూడా కొన్నాళ్లు స్ప్రూస్‌ క్రీక్‌లో ఉన్నాడు. తర్వాత అదే రాష్ట్రంలో ఒకాలా దగ్గరున్న జంబోలెయిర్‌కి మారి, ఇంటిముందు ఏకంగా బోయింగ్‌ 707నే నిలుపుకున్నాడు.

స్ప్రూస్‌ క్రీక్‌లో ఉండేవాళ్లంతా పైలట్లు కారు. కానీ ఎయిర్‌లైన్స్‌లో పనిచేస్తున్నవాళ్లూ రిటైరైనవాళ్లూ ఎక్కువే. శనివారం ఉదయం గుంపుగా ఎగిరి దగ్గర్లోని మరో విమానాశ్రయంలో దిగి, టిఫిన్‌ చేసి రావడం వాళ్లకో సరదా. మిగతా రోజుల్లో కాలక్షేపమంతా హ్యాంగర్లలోనే. విమానం పట్టేంత షెడ్డు ఉన్నప్పుడు దాని రెక్క కింద ఓ కారుకి చోటుండదా? ఆ చోటే ఇంత పని పెడుతోంది.

చెయ్యి పెట్టకూడని యంత్రం

పైలట్‌కి పాత కార్లమీద మోజేమిటి అన్న ప్రశ్నకి జవాబు అతని ఉద్యోగంలోనే ఉంది. ప్రయాణికుల విమానంలో కాక్‌పిట్‌ దీపం ఒకటి వెలగలేదనుకోండి. కెప్టెన్‌ దాన్ని విప్పకూడదు. లాగ్‌బుక్‌లో రాయాలి. లైసెన్సున్న ఇంజినీరు వచ్చి, చూసి, సరిచేసి సంతకం పెట్టాలి.  పాతికేళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌కైనా ఇదే నియమం. ప్రయాణికుల భద్రతకి అది అవసరం కూడా. కానీ ఓ యంత్రంతో జీవితమంతా గడిపి, దాని లోపల ఏముందో చేత్తో తాకి తెలుసుకోలేకపోవడం ఎంత వెలితి! అంబాసిడర్‌ కారు మీద చెయ్యితిరిగిన మన ఊరి మెకానిక్‌కి ఉన్న స్వేచ్ఛ కూడా లేదు పాపం వాళ్లకి.

సొంత చిన్న విమానం ఉన్నా అంతే. నూనె మార్చడంలాంటి చిన్నచిన్న పనులు సొంతదారు చేసుకోవచ్చు. ఏటా జరగాల్సిన తనిఖీకి మాత్రం అర్హతున్న మెకానిక్‌ రావలసిందే. అదే పాత కారైతే అడిగేవాళ్లు లేరు. ఫ్లోరిడాలో 1981 నుంచీ కార్లకి ఏటా భద్రతా తనిఖీ అనేదే లేదు. కారు వయసు 30 ఏళ్లు దాటితే పాతకాలపు వాహనంగా ప్రత్యేక నంబరుప్లేటు కూడా ఇస్తారు. ఇంజిన్‌ దించినా, మొత్తం విప్పినా, మూడుసార్లు తప్పు బిగించి నాలుగోసారి సరిచేసుకున్నా... అంతా ఆ ఇంటివాళ్ల ఇష్టం.

తీరికకీ కొదవలేదు. అమెరికా నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్‌ పైలట్‌ 28 రోజుల్లో వంద గంటలకి మించి, ఏడాదిలో వెయ్యి గంటలకి మించి ఎగరకూడదు. వరసగా కొన్ని రోజులు డ్యూటీ చేస్తే తర్వాత వరసగా కొన్ని రోజులు ఇంటిపట్టునే. ఊరంతా ఆఫీసులకి వెళ్లిన బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషికి, షెడ్డులో ఓ తుప్పుపట్టిన కారు ఉండటం ఎంత తోడో!

విప్పడం వారం... బిగించడం ఏళ్లు

మొదలుపెట్టేవాళ్లు ఎంచుకునేది ఎక్కువగా విడిభాగాలు దొరికే కార్లనే. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్‌ మోడల్‌ టి, దాని తర్వాత వచ్చిన మోడల్‌ ఎ, 1955-57 మధ్య వచ్చిన షెవర్లే బెల్‌ ఎయిర్‌, 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్‌ మస్టాంగ్‌... వీటికి ఇప్పటికీ కొత్తగా భాగాలు తయారుచేసి అమ్మేవాళ్లున్నారు.

పని మొదలయ్యేది పానాతో కాదు, కెమెరాతో. ఏ తీగ ఎటు వెళ్తోందో, ఏ వాషరు ఏ బోల్టు కిందుందో విప్పకముందే ఫొటో తీసుకోవాలి. విప్పిన ప్రతిదాన్నీ సంచిలో వేసి చీటీ రాయాలి. ఇక్కడే పైలట్ల చదువు అక్కరకొస్తుంది. ‘నాకు గుర్తుంటుందిలే’ అనుకోకూడదన్నది వాళ్లకి మొదటిరోజే నేర్పే పాఠం. టేకాఫ్‌ ముందు చేసే పనులన్నీ కంఠతా వచ్చినా చెక్‌లిస్టు తీసి చూడాల్సిందే. ఆ అలవాటు లేనివాళ్లు ఉత్సాహంగా వారంలో కారంతా విప్పేసి, ఆనక ఏ బోల్టు ఎక్కడిదో తెలియక తలపట్టుకుంటారు.

ఇక తుప్పు. సముద్రగాలి తగిలే ఫ్లోరిడాలో దానికి పండగే. పైకి రంగు బాగానే ఉంటుంది. కాలి కింద మ్యాట్‌ ఎత్తితే రేకు బదులు నేల కనిపిస్తుంది. తుప్పుపట్టినంత మేరా కోసి, అదే వంపు వచ్చేలా కొత్త రేకుని కొట్టి వెల్డింగ్‌ చేయాలి. పుట్టీ పెట్టి కప్పేయడం తేలిక. రెండేళ్లు తిరక్కుండానే అది బుడగల్లా లేచి పరువు తీస్తుంది.

ఏళ్లతరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్లు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే ఏదో ఒకటి విరుగుతుంది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లోంచి నూనె పోసి, రోజుల తరబడి ఓపిక పట్టాలి. రోజూ కాస్త కదిపిచూడాలి. ఓ రోజు వెంట్రుకవాసి కదులుతుంది. అవతలివాళ్లకి అదేమంత విశేషం కాదు. షెడ్డులో ఉన్న మనిషికి మాత్రం ఆ రోజు పండగే. కదిలాక ఇంజిన్‌ మొత్తం విప్పి, సిలిండర్లు ఎంత అరిగాయో కొలిచి, రింగులూ బేరింగులూ మార్చి, ప్రతి బోల్టునీ చెప్పిన బిగువుకే బిగించాలి. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే తెగుతుంది.

పెట్రోలు దగ్గర ఓ చిత్రం ఉంది. ఒకప్పుడు అమెరికాలో పెట్రోల్లో సీసం కలిపేవారు. పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా ఆ సీసమే కాపాడేది. ఆరోగ్యానికి అది విషం. అందుకే 1996 నుంచి రోడ్డుమీద తిరిగే వాహనాలకి దాన్ని పూర్తిగా నిషేధించారు. కానీ చిన్న విమానాల పెట్రోల్లో సీసం ఇంకా ఉంది. అంటే హ్యాంగర్లో విమానం తాగేది పాత కారు ఒకప్పుడు తాగిందే. అయినా కారులో పోసి రోడ్డెక్కకూడదు. అందుకే ఇంజిన్‌ విప్పినప్పుడే వాల్వుల కింద గట్టి లోహపు రింగులు వేయిస్తారు. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్‌ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది కాబట్టి వాటినీ మార్చేస్తారు.

ఇసుకమీద మొదలైన వేగం

ఈ పిచ్చి ఆ గాలిలోనే ఉందేమో అనిపిస్తుంది. డేటోనా పక్కనే ఉన్న ఆర్మండ్‌ బీచ్‌లో 1903లోనే గట్టి ఇసుకమీద కార్ల పందేలు జరిగాయి. 1935 మార్చిలో మాల్కమ్‌ క్యాంప్‌బెల్‌ తన బ్లూ బర్డ్‌ని డేటోనా ఇసుకమీద గంటకి 445 కిలోమీటర్ల వేగంతో నడిపి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ కారులో ఉన్న ఇంజిన్‌ ఏమిటో తెలుసా? పందేల విమానాల కోసం రోల్స్‌రాయిస్‌ చేసినది! ఇసుకమీది పందేలు 1958తో ఆగిపోయాయి. మర్నాడే అన్నట్టు 1959లో డేటోనా స్పీడ్‌వే వచ్చింది. విమానయాన చదువులకి పేరున్న ఎంబ్రీ రిడిల్‌ విశ్వవిద్యాలయం ఉన్నది కూడా ఈ ఊళ్లోనే. మనదేశం నుంచి వెళ్లే విద్యార్థులకీ అది పరిచయమే.

కారూ విమానమూ రెండూ ఒకే మనిషిని పట్టుకుంటే ఎలా ఉంటుందో ఎడ్డీ రికెన్‌బ్యాకర్‌ని చూస్తే తెలుస్తుంది. మొదట కార్ల పందేల డ్రైవరు. మొదటి ప్రపంచయుద్ధంలో 26 శత్రు విమానాల్నీ బెలూన్లనూ కూల్చిన పైలట్‌. 1922లో తన పేరుతోనే కార్ల కంపెనీ పెట్టాడు. అది 1927లో మూతపడింది. అదే ఏడాది ఇండియానాపొలిస్‌ పందేల ట్రాక్‌ కొన్నాడు. తర్వాత ఈస్టర్న్‌ ఎయిర్‌లైన్స్‌కి యజమాని అయ్యాడు. ఇప్పుడు రికెన్‌బ్యాకర్‌ కారు ఎక్కడైనా తుప్పుపట్టి దొరికితే... వదులుకునే పైలట్‌ ఉంటాడా?

1950ల అమెరికన్‌ కార్లకి వెనక చేపరెక్కల్లాంటి తోకలుంటాయి. అవీ విమానం చలవే. పి-38 యుద్ధవిమానం తోక చూసి ముచ్చటపడిన డిజైనర్లు 1948 క్యాడిలాక్‌కి వాటిని తగిలించారు. దాన్ని చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. పదేళ్లపాటు అమెరికా రోడ్లమీద కార్లన్నీ ఎగిరిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే కనిపించాయి.

65 నిండాక...

పైలట్‌ ఉద్యోగానికో గీత ఉంది. అమెరికాలో ఒకప్పుడు 60 ఏళ్లు నిండితే ప్రయాణికుల విమానం నడపకూడదు. 2007 డిసెంబరులో దాన్ని 65కి పెంచారు. ఆ పుట్టినరోజు దాటాక ఎంత ఆరోగ్యంగా ఉన్నా, ఎన్నివేల గంటలు ఎగిరినా, ఎయిర్‌లైన్‌ కాక్‌పిట్‌ తలుపు మూసుకున్నట్టే. సొంత విమానం నడుపుకోవచ్చు, వైద్యపరీక్ష నెగ్గినంత కాలం. చూపో గుండో మొరాయిస్తే అదీ పోతుంది. అప్పుడు షెడ్డులోంచి ముందుగా అమ్ముడుపోయేది విమానం. పక్కనున్న కారుకి ఒక్కసారిగా బోలెడు చోటు.

అందుకే తెలివైనవాళ్లు కారు పని అరవై దాటాక మొదలుపెట్టరు. నలభైల్లోనే ఓ తుప్పుబండిని తెచ్చి షెడ్డులో పడేస్తారు. ఎప్పటికవుతుందని ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉంటారు. నిజానికి అది తొందరగా అయిపోవాలని కోరుకోనివాళ్లూ ఉంటారు. అయిపోతే మర్నాడు పొద్దున్న ఏం చేయాలి మరి!

కొన్ని అసలు పూర్తికావు. మనిషి వెళ్లిపోతాడు, కారు స్టాండ్ల మీదే ఉండిపోతుంది. పిల్లలు వేరే ఊళ్లలో ఉంటారు. వాళ్లకి ఆ బోల్టుల సంగతి తెలియదు. షెడ్డు ఖాళీ చేయాలంటే ఎవరికో ఒకరికి అప్పగించాల్సిందే.

ఏటా నవంబరులో థ్యాంక్స్‌గివింగ్‌ పండగకి డేటోనా స్పీడ్‌వేలో టర్కీ రన్‌ పేరుతో పాత కార్ల సంత జరుగుతుంది. తళతళలాడే కార్లు ఓ పక్క వేలల్లో బారులు తీరుతాయి. ఇంకోపక్క విడిభాగాల అంగళ్లు. హెడ్‌లైట్లు, స్టీరింగులు, చక్రాల మూతలు, కార్బొరేటర్లు. మన ఊళ్లలో వారపు సంతకి ఉన్నంత బేరం, ఉన్నంత గోల. జనం మోకాళ్లమీద కూర్చుని డబ్బాలు తిరగేస్తుంటారు. ఎవరో సగంలో వదిలేసిన కారు తాలూకు సంచులు ఇలాంటి డబ్బాల్లోనే కొత్త చేతుల్లోకి వెళ్తాయి. లోపల గుప్పెడు బోల్టులు, పైన చీటీ. ఎడమ తలుపు, పై బందు, నాలుగు బోల్టులు, రెండు వాషర్లు... ఎప్పుడో ఎవరో ఓపిగ్గా రాసిన అక్షరాలు. కొన్నవాళ్లు మళ్లీ చీటీ రాసుకోనక్కర్లేదు. సంచిని అలాగే తీసుకెళ్లి తమ షెడ్డులో అరమీద పెట్టుకుంటారు.