సంఘం సొమ్ము ముందు ఎవరికి?

సంఘం లెక్కలు రాసే యానిమేటరు తీర్మానాల పుస్తకం తెరిచి చదివింది. ఈ నెల అప్పు అడిగినవాళ్లు ముగ్గురు, సంఘం దగ్గరున్న డబ్బు ఒకరికి మించి సరిపోదు. నెల్లూరు జిల్లా కలిగిరి ప్రాంతంలోని ఒక ఊరు అది. గ్రామైక్య సంఘం గదిలో చాపల మీద ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు. నన్ను ఒక పక్కన కూర్చోబెట్టి, "మా లెక్కలు తేలిందాకా కాస్త ఓపిక పట్టాల సార్" అన్నారు.

ఒకామె గేదెను కొనాలనుకుంటోంది. ఇంకొకామె కూతురికి కాలేజీ ఫీజు కట్టాలి. మూడో ఆమెది కౌలు సేద్యం చేసే ఇల్లు. భర్త ఆపరేషన్‌కు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఏడాది తిరిగేసరికి అది 36 శాతం. సంఘంలో నూటికి రూపాయి, అంటే 12 శాతమే. ఒకరి కష్టం ఒకరికి తెలిసినవాళ్లే అందరూ. అందుకే ఎవరూ ఉన్నది దాచలేదు, లేనిది చెప్పలేదు. "ఫీజుకు ఇంకా గడువుండాది గదమ్మా" అని ఒకరు గుర్తుచేశారు. గేదె అడిగినామె తనే, "నాది వచ్చే తూరికి రాసుకోండక్కా, ముందు ఆమె బయటప్పు తీర్చండి" అంది. దరఖాస్తు కాగితం చూసి ఏ ఆఫీసూ ఇంత సరిగా తేల్చలేదని నాకు గట్టిగా అనిపించింది.

తీర్మానం కింద అందరూ సంతకాలు పెట్టారు. ఈ జిల్లాలో ఆ సంతకాల వెనక పెద్ద చరిత్ర ఉంది. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. కలిగిరి మండలంలోని దూబగుంట, అక్కడి రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక, రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి పథకం ఈ జిల్లాలో వేళ్లూనుకుంది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి, వెలుగు పథకం వచ్చాక అవే గ్రూపులు గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా అల్లుకున్నాయి.

మధ్యలో మైక్రోఫైనాన్స్ కంపెనీల కాలం ఒకటి నడిచింది. వారం వారం ఏజెంట్లు గడప ముందుకొచ్చి కూర్చునేవారు. ఒక కంతు కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు చేసి, ఆ ఊబిలో ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేసింది. మరుసటి ఏడాది సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సహకార సమాఖ్య మొదలైంది. అత్యవసరమైన అప్పు 48 గంటల్లో అందించడం దాని లక్ష్యం. పేదింటికి అప్పు ఎంత వస్తుందనే దానికన్నా ఎప్పుడు వస్తుందనేదే ముఖ్యం. ఆసుపత్రి నెలాఖరు దాకా ఆగదు.

సమావేశం అయ్యాక అధ్యక్షురాలిని అడిగాను, ఊళ్లో గ్రూపుల్లో లేనివాళ్లు ఎవరని. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెరువు కట్ట వైపు చెయ్యి చూపించింది. అక్కడ యానాది గిరిజనుల ఇళ్లున్నాయి. "వాళ్ల గ్రూపు ఎప్పుడో చెదిరిపోయింది సార్. చేపల గుంటల కాడికి, ఇటుక బట్టీలకు పనికి పోతే నెలల తరబడి రారు. మీటింగుకు రాకుండా, పొదుపు కట్టకుండా ఉంటే బ్యాంకు ఎట్టా ఇస్తాది?"

ఆమె చెప్పింది నిజమే. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ పంచసూత్రాలే సంఘాలను నిలబెట్టాయి. అయితే నెలనెలా వంద రూపాయలు మిగిలే ఇంటికే ఆ సూత్రాలు అందుతాయి. పూట గడవడమే కష్టమైన మనిషి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆకలి బాధ అందరికన్నా ఎక్కువ ఉన్న ఇల్లే సాయానికి దూరమవుతోంది.

దీనికి దారి లేకపోలేదు. వెలుగు తొలి రోజుల్లో సంఘాలు బియ్యం టోకున కొని, గింజలు లేని ఇళ్లకు అప్పుగా ఇచ్చేవి, కంతుల్లో వసూలు చేసుకునేవి. పొదుపు చేయలేని ఆడవాళ్లను కూడా అది సంఘం గడప దాకా తెచ్చింది. ఆ పద్ధతి మళ్లీ పెట్టవచ్చు. పనుల నుంచి వాళ్లు తిరిగొచ్చే కాలం చూసి, సమావేశం చెరువు కట్ట మీదే జరపవచ్చు. వలసపోయిన నెలల్లో పొదుపు కట్టలేదని పేరు కొట్టేయకుండా ఉండవచ్చు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

సంఘాలను చూడటానికి వెళ్లే అధికారులకూ, మిత్రులకూ ఒక మనవి. ఎంత అప్పు ఇచ్చారు, ఎంత వసూలైంది అని అడిగే ముందు, ఊళ్లో అందరికన్నా పేద ఇల్లు ఏదో, ఆ ఇంటి ఆడమనిషి ఈ చాప మీద ఎందుకు లేదో అడగండి.