రామప్పలో చూసిందీ విన్నదీ

హనుమకొండ నుంచి ములుగు దాటి పాలంపేట చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న కొన్ని కుటుంబాలం పిల్లల్ని వెంటబెట్టుకుని రామప్ప గుడికి వచ్చాం. ఏడేళ్ల పాప నుంచి పద్నాలుగేళ్ల అబ్బాయి దాకా అందరి చేతుల్లోనూ నోటుపుస్తకాలు. పేజీ మధ్యలో నిలువుగీత. ఒకపక్క ‘చూసింది’, రెండోపక్క ‘విన్నది’. ఆ రోజుకు అదే పాఠం.

ముందుగా శాసనం దగ్గరికి వెళ్లాం. నాలుగు ముఖాల రాతిస్తంభం నిండా అక్షరాలు. భాష సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు. పెద్దపిల్లలు పోల్చుకోగలిగిన అక్షరాలను పుస్తకంలోకి దించుకున్నారు. శకాబ్దం 1135 అని చెప్పగానే ఒకమ్మాయి 78 కలిపి 1213 అని తేల్చింది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించిన సంగతి ఈ రాయే చెబుతోంది.

“తాతా, ఇందులో రామప్ప పేరెక్కడుంది?” అని అడిగాడు ఒక బాబు.

“శాసనంల లేదు బిడ్డా, రుద్రుని పేరే ఉన్నది. రామప్ప అనే శిల్పి చెక్కిండని మా పెద్దలు చెప్పంగ ఇన్నం” అన్నారు గైడు. రుద్రుడు ఒక గడిలోకి, రామప్ప ఇంకో గడిలోకి వెళ్లారు. నిర్మాణానికి నలభై ఏళ్లు పట్టిందన్న మాట కూడా రామప్ప పక్కనే చేరింది. విన్నమాటను కొట్టిపారేయమని మేం పిల్లలకు చెప్పలేదు. ఎవరు చెప్పారో పక్కన రాసుకోమన్నాం.

గుడి లోపల నేల ఎగుడుదిగుడుగా ఉంది. ఒకడు జేబులోంచి గోళీ తీసి బండ మీద పెట్టాడు. అది కాస్త ఆగి, వాలు చూసుకుని దొర్లింది. ఇంకో బండ మీద పెడితే మరోవైపు వెళ్లింది. “నేల ఇంత కుంగితే గుడి ఎందుకు పడిపోలేదు?” అన్న ప్రశ్న వాళ్లలోంచే వచ్చింది. పునాది గుంతను ఇసుకతో నింపి, దాని మీద కట్టడాన్ని నిలబెట్టే పద్ధతి గురించి అప్పుడు చెప్పాం. భూమి కదిలితే ఆ అదురును ఇసుకే మింగుతుంది. ఇసుక మాకు కనబడదు కాబట్టి అది ‘విన్నది’, వాలిన నేల ‘చూసింది’. రెండింటి మధ్యా ఒక పిల్ల బాణం గుర్తు గీసింది. ఆధారం నుంచి ఊహకు వెళ్లే దారి అదే.

శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయంటారు. అందని ఎత్తులో ఉన్నవాటిని పరీక్షించలేం. కానీ తేలాలంటే ఇటుక తన పరిమాణమంత నీటికన్నా తేలికై ఉండాలి. ఇంటికెళ్లి మామూలు ఇటుకను తూచి, కొలిచి చూడాలని పిల్లలు నిర్ణయించుకున్నారు. శిఖరం బరువు తగ్గిస్తే పునాదికి కలిగే మేలేమిటో అప్పుడు లెక్క కట్టొచ్చు.

ఎర్రటి ఇసుకరాతి గోడల ముందు, మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు చూరు కింద ఏటవాలుగా నిలబడి ఉన్నాయి. తొమ్మిదేళ్ల పాప ఒక్క మదనిక ముందే కూర్చుని, ఎత్తుమడమల పాదరక్షను, నడుము ఒంపును గీస్తూ ఉండిపోయింది. మేం తొందరపెట్టలేదు. ఇంటి చదువులో పిల్లలకు దొరికే పెద్ద సంపద ఈ తీరికే. గణపతిదేవుడి గజసేనాని జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ రాశాడని, ఆ గ్రంథాన్నీ ఇక్కడి నాట్యశిల్పాలనూ పరిశీలించి నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ వేదికెక్కించారని చెబితే, ఆ పాప లోపలి స్తంభాల మీది నర్తకుల కాళ్ల భంగిమలు వెతకడానికి పరిగెత్తింది.

మధ్యాహ్నం రామప్ప చెరువు కట్ట ఎక్కాం. గుట్టల మధ్య కట్ట పోసి నీళ్లు ఆపిన తీరును పిల్లలు పటంగా గీశారు. కాకతీయుల నాటి ఈ చెరువు కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చెరువును చూడకుండా వెళితే ఆ వారసత్వంలో సగమే చూసినట్టు. గుడి ముందు మొక్కినవాళ్లకు తిండి పెట్టింది ఈ నీళ్లే.

మా పిల్లలు రేపు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాస్తారు. అక్కడ తేదీలూ పేర్లూ కావాలి, నేర్చుకుంటారు. కానీ ఒక మాట చెవినపడగానే “ఇది చూసిందా, విన్నదా?” అని అడిగే అలవాటు పరీక్ష అయ్యాక కూడా పనికొస్తుంది. ఫోనులో వచ్చిన ప్రతి కథనూ చరిత్రగా నమ్మేస్తున్న కాలంలో అది మరీ అవసరం. దీనికి ఇంటి చదువే ఉండాలని లేదు. ఏ బడైనా తన ఊరి పాతగుడికో, కోటగోడకో, దిగుడుబావికో పిల్లల్ని తీసుకెళ్లి, ఒక పూటంతా అక్కడే వదిలితే చాలు.