మెమొరీ వేగం, టైమింగుల లెక్క

ప్రాసెసర్‌ను దాని నిర్ణీత వేగాన్ని మించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇందుకోసం బేస్ క్లాక్‌ను 100 నుంచి 105 మెగాహెర్ట్జ్‌కు పెంచితే, అదే క్లాక్‌పై ఆధారపడే డీడీఆర్4 ర్యామ్ వేగం కూడా 3200 నుంచి 3360కి చేరుతుంది గనుక, ముందుగా మెమొరీ గుణకాన్ని ఒక మెట్టు తగ్గించుకోవాలి. ఆదేశం అందాక సమాచారాన్ని బయటికి పంపడానికి ర్యామ్ తీసుకునే క్లాక్ సైకిళ్ల సంఖ్యే టైమింగులలో ముఖ్యమైన క్యాస్ లేటెన్సీ. 3200 వేగంలో 16 సైకిళ్లకు, 3600 వేగంలో 18 సైకిళ్లకు పట్టే కాలం ఒక్కటే, 10 నానోసెకన్లు. కాబట్టి అంకె పెరిగినంత మాత్రాన ఆలస్యం పెరిగినట్టు కాదు. ర్యామ్ చిప్ వేడెక్కేకొద్దీ అందులోని విద్యుదావేశం త్వరగా తరిగిపోతుంది. అందుచేత రొళ్ల, హిందూపురం, ధర్మవరం వంటి ఎండలు కాసే ప్రాంతాలవారు చలికాలంలో కుదిరిన టైమింగులను వేసవి మధ్యాహ్నం మెమ్‌టెస్ట్86 అనే మెమొరీ పరీక్ష ప్రోగ్రామ్‌తో మళ్లీ పరీక్షించి, ఒక్క దోషం కనిపించినా సడలించాలి.