గోనెసంచి, దబ్బనం, నాన్న సీటు

మా నాన్నకి ఏది కొనిచ్చినా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎంతయ్యిందేటి?" చొక్కా కొన్నా అంతే, చెప్పులు కొన్నా అంతే. రేటు తగ్గించి చెప్పినా నమ్మడు. ఆయన అడగడంలో న్యాయం ఉంది. చదువుకునే మన చేతిలో ఉన్న డబ్బులు ఎవరివి? నాన్న ఫోన్‌పే చేసిన డబ్బుతోనే నాన్నకి గిఫ్ట్ కొంటే, అది ఆయన ఖర్చుల్లో ఇంకో లైను.

పైగా ఫాదర్స్ డే వచ్చే టైము చూడండి. జూన్ మూడో ఆదివారం. 1910లో అమెరికాలోని స్పోకేన్‌లో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆవిడ, తల్లి పోయాక పిల్లల్ని పెంచిన తన తండ్రిని తలుచుకుని మొదలుపెట్టింది. ఆవిడకి మన వైపు జూన్ సంగతి ఏం తెలుసు? బడులు తెరుస్తారు, పుస్తకాలు, బస్సు ఫీజులు. పొలం ఉన్నవాళ్లకి విత్తనాలు, ఎరువులు. నాన్నల జేబు బాగా చిక్కిపోయే నెల అదే.

నేను చదివిన ఇంగ్లీష్ మీడియం స్కూల్లో ఆ వారం గ్రీటింగ్ కార్డులు చేయించేవారు. చార్టు, గ్లిట్టర్, స్కెచ్‌పెన్నులు, గమ్ము కలిపి వంద దాటేది. ఆ వందా నాన్నే ఇచ్చేవాడు. కార్డు మీద ఇంగ్లీషులో నాలుగు లైన్లు. నాన్నకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా అన్నీ బీరువా మీద కవర్లో దాచాడు. దాచుకోవడం వేరు, వాడుకోవడం వేరు. నాకు రెండోదే ఎక్కువ అనిపిస్తుంది.

మాది రాజాం దగ్గర పల్లె. (2022 ఏప్రిల్‌లో మా ఊరు అంగుళం కదలకుండానే శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి వచ్చేసింది.) చిన్నప్పుడు నాన్న మాకిచ్చిన బొమ్మల్లో కొన్నది ఏదీ లేదు. ముంజలు తినేసిన తాటికాయలు చక్రాలుగా పెట్టి, మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకునే బండి. తాటాకు గిలకలు. మా వైపే పొందూరులో ఖద్దరు వడికేవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ సన్నటి పళ్లే వాళ్లకి దువ్వెన. చేప తిన్నాక పారేసే ముక్క అది. అలాంటి చోట పుట్టి గిఫ్ట్ కోసం ఆన్‌లైన్లో వెతకడం నాకెందుకో నచ్చదు.

నాన్న సరుకుల ఆటో నడుపుతాడు. సీటు రెక్సిన్ చిరిగి, స్పాంజి అణిగిపోయి, రాత్రి ఇంటికొచ్చేసరికి నడుం పట్టుకుని గుమ్మంలో కూలబడేవాడు. కొత్త సీటు వేయించమంటే "సూద్దాంలే" అనేవాడు. రెండేళ్ల కిందట నేనూ, అప్పుడు ఏడో తరగతి చదువుతున్న తమ్ముడూ పూనుకున్నాం. గోనెసంచి ఇంట్లోనే ఉంది. గోగునార పండే, జూట్ మిల్లులుండే మా వైపు సంచికి కరువేంటి? అమ్మ పాత నూలు చీరలు రెండు ఇచ్చింది. నాన్న పడుకున్నాక తమ్ముడు సీటుని జానలతో కొలిచొచ్చాడు. పొడవు ఐదు, లోతు రెండున్నర.

సంచిని తిరగేసి దులిపి, ఉతికి, రెండ్రోజులు ఎండబెట్టాలి, లేకపోతే తుమ్ములే. చీరల్ని సీటు కొలతకి మడతలేసి, బొంత కుట్టినట్టు అడ్డంగా, నిలువుగా దారం వేశాం. ఆ కుట్లు లేకపోతే బట్టంతా ఒక మూలకి చేరిపోతుంది. తర్వాత దాన్ని గోనెలో పెట్టి అంచులు కుట్టాలి. మామూలు సూది గోనెలో దిగితే కదా! నాన్నమ్మ తన పెట్టెలోంచి అరచేయంత సూది తీసింది. "ఇంజినీరు అవుతానంటన్నావు, దబ్బనం తెలీదేటే గుంటా?" పురికొస కూడా ఆవిడే ఇచ్చింది. బ్రేకు వేసినప్పుడు జారకుండా నాలుగు మూలలా తాళ్లు పెట్టాం. అది తమ్ముడి ఐడియా. మొత్తం పనిలో అసలు ఇంజినీరింగ్ అదే.

ఆదివారం పొద్దున్నే ఆటోలో కట్టేశాం. నాన్న చూశాడు, చేత్తో నొక్కాడు. అలవాటుగా "ఎంత" అని ఆగిపోయాడు. కాసేపటికి, "గోనె ఎక్కడిదమ్మా?" అన్నాడు. ఎక్కి కూర్చుని వెళ్లిపోయాడు.

నొప్పి పోయిందని చెప్పను. రోజంతా ఆటో తోలే నడుముకి రెండు చీరలు ఏం సరిపోతాయి? కానీ లోడింగ్ దగ్గర ఎవరో అడిగితే "మా పిల్లలు కుట్టారు" అన్నాడని ఎదురింటి ఆటో మావయ్య చెప్పాడు. మాకైతే ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడా చీరలూ అణిగిపోయాయి. ఈసారి కొబ్బరిపీచు నింపుదామని తమ్ముడు, గుచ్చుకుంటుందని నేను. సెలవులకి వెళ్లగానే తేల్చాలి. ముందు అమ్మ ఇంకో రెండు చీరలు వదులుతుందో లేదో కనుక్కోవాలి.